రెండు వీఘాల జొన్న

తిరుమలకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి సూరత్ శివారు ఉన్‌లో ఆమె ఉండే గల్లీలో పాలవాడికి తెలుసు, నీళ్ల ట్యాంకరు డ్రైవరుకు తెలుసు. సాయంత్రం షిఫ్టు దిగి ఆమె అమ్మే రొట్టెల కోసం వచ్చి నిలబడే ఇరవై మంది సాంచాల పనివాళ్లకైతే మరీ బాగా తెలుసు. మరమగ్గాన్ని వాళ్లు సాంచా అంటారు. వాళ్లలో ఎవడైనా రొట్టె కాస్త మాడిందని నోరు జారాడంటే ఆ పూట వాడికి రొట్టె ఉండదు, తిట్లే. అయినా మర్నాడు మళ్లీ వచ్చేవాడు. రాక ఏం చేస్తాడు? సూరత్ మొత్తం గాలించినా అలాంటి జొన్నరొట్టె ఇంకోచోట దొరకదు మరి.

ఆమె పుట్టింది సిరిసిల్ల పక్క ఒక సాలె ఇంట్లో. ఇరవయ్యో ఏట సోమలింగాన్ని పెళ్లాడి సూరత్ వచ్చింది. ఇప్పుడు యాభై రెండు. సోమలింగం పది సాంచాలు నడుపుతాడు. ముప్పై ఏళ్లుగా ఆ చప్పుడులో బతికినవాడు కాబట్టి ఇంటికొచ్చాక మాటలు ఖర్చు పెట్టడు. పెళ్లాం పది మాటలంటే ఒకదానికి తల ఊపుతాడు, మిగతా తొమ్మిదీ గోడకు చెప్పుకున్నట్టే. ఈ మనిషికి బదులు ఒక అరుగు కట్టించుకున్నా కూర్చోవడానికి పనికొచ్చేదని ఆమె ఇరుగుపొరుగుతో అంటూ ఉండేది. అది ఆయన వినేలాగే అనేది. ఆయన వినేవాడు, బీడీ వెలిగించుకునేవాడు.

సాలెవాళ్లకు ఊళ్లో భూమి లేదు. తిరుమలకు భూమంటే ఏమిటో తెలిసింది సూరత్ వచ్చాకే. అదెలాగంటే, పద్దెనిమిదేళ్ల కిందట ఓ చలికాలం బట్టకు గిరాకీ లేక సాంచాలు మూడు నెలలు మూతపడ్డాయి. కూతురు హారతి అప్పుడు చంకలో పిల్ల. ఎవరో చెబితే తిరుమల తాపీ నది దాటి, అమ్రోలి దాటి, ఇంకా ఉత్తరాన పొలాల్లోకి పోంక్ పనికి వెళ్లింది. పోంక్ అంటే లేత జొన్న. గింజలో పాలు గట్టిపడీ గట్టిపడకముందే కంకి కోసి, వేడి బూడిదలో కాల్చి, గోతంలో వేసి కర్రతో కొడితే పచ్చని గింజలు రాలతాయి. వాటిమీద సన్న కారప్పూస చల్లుకుని, నిమ్మకాయ పిండుకుని తింటారు. చలికాలం వస్తే సూరత్ వాళ్లకు అది లేకపోతే ప్రాణం నిలవదు.

ఆ పొలం ఠాకోర్‌భాయి అనే రైతుది. మొత్తం ఎనిమిది వీఘాలు. వీఘా అంటే ఆ పక్క లెక్కలో అరెకరం పైచిలుకు. ఆ ఏడాది కోతలయ్యేసరికి కింది వైపు కొంత చేను కోయకుండా మిగిలిపోయింది. గింజ ముదిరింది, ఇక పోంకుకు పనికిరాదు, బర్రెలకు వేసేద్దాం అన్నాడాయన. తిరుమల కొడవలి కింద పెట్టి చేలోకి నడిచింది. ఒక కంకి నలిపి నోట్లో వేసుకుంది. తియ్యటి గింజ. దాన్ని పండనిస్తే తను తీసుకుపోతానంది, కూలీ బదులు అదే ఇమ్మంది. ఆయన నవ్వి సరే అన్నాడు.

అలా మొదలైన ఏర్పాటు పద్దెనిమిదేళ్లు నడిచింది. ఆరు వీఘాలు పోంకుకు పచ్చిగా కోసేసేవాళ్లు, కింది రెండు వీఘాలు తిరుమల కోసం పండనిచ్చేవాళ్లు. చలికాలమంతా ఆమె అక్కడ పని చేసేది. మార్చిలో పండిన గింజ టెంపోలో ఉన్‌కు వచ్చేది. శ్రావణం దాకా ఆ పిండితోనే రొట్టెలు. ఇందులో ఇంకో మెలిక ఉంది. పచ్చిగా కాల్చుకు తినే పంటకు విత్తనం మిగలదు కదా. కాబట్టి మొత్తం పొలానికి విత్తనం ఆ రెండు వీఘాల నుంచే రావాలి. కోతకు ముందు తిరుమలే చేనంతా తిరిగి, బలమైన కంకులు ఏరి, ఎండబెట్టి, గింజలో బూడిదా వేపాకూ కలిపి రెండు వాటాలు చేసేది. ఒకటి ఠాకోర్‌భాయి ఇంట్లో, ఇంకోటి ఆమె ఇంట్లో ఎనిమిది కిలోల రేకు డబ్బాలో. ఒకచోట పురుగు పడితే రెండోచోటిది ఉంటుందని.

కిందటేడు మార్చిలో బస్తాలు టెంపోకు ఎక్కిస్తుండగా ఠాకోర్‌భాయి గొంతు సవరించుకున్నాడు. వచ్చే ఏడు నుంచి జొన్న వేయనని చెప్పాడు. ఎనిమిది వీఘాలూ చెరుకే.

ఆయన చెప్పిన దాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అదే తిరుమలకు ఇంకా మండింది. చెరుకు ఒకసారి నాటితే మూడేళ్లు కోసుకోవచ్చు. కోసేవాళ్లనూ లారీలనూ ఫ్యాక్టరీయే పంపుతుంది. ఇప్పుడు ఫ్యాక్టరీ చక్కెరతో ఆగడం లేదు, పెట్రోలులో కలిపే ఇథనాల్ కూడా తీస్తోంది, ఎంత చెరుకు తెచ్చినా కాదనదు. పోంక్ అంటే పిట్టల్ని తోలాలి, మంచుకు భయపడాలి, కాల్చే మనుషుల కోసం కాళ్లావేళ్లా పడాలి. ఆయనకు అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్లలో గుజ్జు లేదు. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో అందరూ చెరుకుకు మారిపోయారు, ఇంకా తనొక్కడే పిట్టల వెంట పరిగెత్తాలా అన్నాడు.

ఆయన భార్య చాయ్ తెస్తే తిరుమల తాగలేదు. టెంపో ఎక్కి కూర్చుంది. తాపీ వంతెన మీదికి వచ్చాక ఆమెకు ఏడుపొచ్చింది. ఆ చేను తనది కాదని తెలుసు. ఎన్నడూ తనది కాదు. కానీ సూరత్ అనే ఇంత పెద్ద ఊళ్లో ఆమె చెప్పులు విప్పి నడిచిన మట్టి ఆ రెండు వీఘాలే. అది పోతుందంటే కన్నవారి ఇంటి తలుపు మూసుకున్నట్టయింది.

ఇంటికొచ్చి ఆ ఏడుపును కోపం చేసేసింది. ఆమెకు తెలిసిన పద్ధతి అదొక్కటే. కూతురు హారతి అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి స్కూటీ తాళం చేతిలో తిప్పుతోంది. ఆ తాళం చూడగానే తల్లికి ఒళ్లు మండింది.

"మనుషులు తినే నేలను ఇగ బండ్లు తాగుతయట. నీ బండి కోసమే నా చేను పోయింది," అంది.

హారతి సూరత్‌లో పెరిగిన పిల్ల, మొహమాటం తక్కువ. "అమ్మా, లాజిక్ తో మాట్లాడు జర. కాకా కూడ బతకాలె గద. నువ్వు అడిగినవని ఆయన డెబ్బై ఏండ్లకు పిట్టల్ని తోల్కుంట కూసోవాల్నా?" అంది.

కూతురు చెప్పింది నిజమే. అందుకే తిరుమల ఆ వారమంతా దాని బండి ఎక్కలేదు. మోకాళ్లు నొప్పెడుతున్నా కూరగాయల బజారుకు నడిచే వెళ్లింది, నడిచే వచ్చింది. ఇథనాలుకు ఇంతకన్నా పెద్ద దెబ్బ ఆమె కొట్టలేకపోయింది.

కానీ అసలు దెబ్బ ఆ రోజే కొట్టింది. విత్తనాల రేకు డబ్బా తెచ్చి సోమలింగం ముందు ఠంగున పెట్టింది.

"దీన్ని గిర్నికి తీస్కపోయి పిండి పట్టిచ్చుకరా. చేనే లేనప్పుడు ఇత్తనమెందుకు? తిని అరిగించుకుందాం."

సోమలింగం డబ్బా వైపు చూశాడు, పెళ్లాం వైపు చూశాడు. మారు మాట్లాడకుండా డబ్బా సైకిలుకు కట్టుకుని వెళ్లాడు. గంటన్నరకు పిండితో తిరిగొచ్చాడు. ఒక్క మాటైనా అడ్డం చెప్పలేదే ఈ మనిషి అని తిరుమలకు ఆయన మీద కూడా కోపం వచ్చింది.

ఆ పిండితో రొట్టె కుదరలేదు. వేడినీళ్లు పోసి ఎంత మర్దించినా జిగి లేదు. అరచేత్తో తడుతుంటే అంచులు పగిలిపోయాయి, పెనం మీదికి ఎత్తబోతే ముక్కలయ్యాయి. పద్దెనిమిదేళ్లలో ఆ జొన్న ఆమెకు అలా ఎదురు తిరగలేదు. విత్తనం గింజ కదా, నోట్లో పెట్టుకుంటే ఊరుకుంటుందా అనుకుంది. కోపం అప్పుడు దిగింది. అది దిగిన చోట మిగిలినది చాలా చెడ్డగా ఉంది. ఆ రాత్రి అందరికీ పగిలిన రొట్టెలే వడ్డించింది. ఎవ్వడూ నోరెత్తలేదు.

వానాకాలం వచ్చింది. శ్రావణంలో బస్తాలు అయిపోయాయి. తిరుమల షాపు జొన్న కొనడం మొదలుపెట్టింది. రొట్టెలు రోజుకో రకంగా వచ్చేవి. గిరాకీ ఏమీ తగ్గలేదు, మనుషులకు ఆకలి ఉంటుంది కదా. కానీ పెనం ముందు ఆమె ఎప్పుడూ తీసే కూనిరాగం ఆగిపోయింది. ఆమె తిట్టడం తగ్గించిందని గల్లీలో కొందరు సంతోషించారు గానీ, సోమలింగం సంతోషించలేదు. రెండు మూడుసార్లు ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచి, మళ్లీ బీడీ పెట్టుకున్నాడు.

దసరా వెళ్లిన మరుసటి ఆదివారం, పొద్దున పది గంటలప్పుడు, ఇంటి ముందు ఆటో ఆగింది. మోకాళ్లు పట్టుకుని ఠాకోర్‌భాయి దిగాడు. పద్దెనిమిదేళ్లలో ఆయన ఆమె ఇంటికి రావడం అదే మొదలు. తిరుమల కంగారుగా కుర్చీ తుడిచింది. మార్చి సంగతి గుర్తొచ్చి మొహం ముడుచుకుంది. పెద్దమనిషి కదా అని మళ్లీ చాయ్ పెట్టింది. సోమలింగం గడపలో కూర్చుని సైకిలు చైనుకు నూనె వేస్తున్నాడు.

ఆయన చెప్పింది ఇదీ. ఫ్యాక్టరీ మనిషి వచ్చి పొలం చూశాడు. పై ఆరు వీఘాలకు చెరుకు రాసుకున్నాడు. కింది రెండూ కాలువకు చిట్టచివరన ఉన్నాయి. కాలువ వంతు నీళ్లు అక్కడికి చేరేలోపు వంతే అయిపోతుంది. చెరుకుకు నీళ్లు అందకపోతే అది చెరుకు కాదు, గడ్డి. ఆ రెండూ వద్దన్నాడు. నల్లరేగడిలో మిగిలిన తేమతో పైనీరు లేకుండా పండేది జొన్న ఒక్కటే. అదీగాక, ఆయన చాయ్ గ్లాసులోకి చూస్తూ చెప్పాడు, చలికాలంలో ఇంటికొచ్చిన చుట్టాలకు గుప్పెడు పోంక్ పెట్టలేని రైతు ఏం రైతని ఆయన భార్య ఆర్నెల్లుగా ప్రాణం తోడేస్తోంది.

"తిరుమలబెన్, నీ డబ్బా ఇవ్వు," అన్నాడు. "నా వాటా లేదు. చెరుకే వేస్తాం కదా అని మా ఆవిడ రోజూ పావురాలకు చల్లేసింది. షాపులో దొరికేది వేరే రకం, కాల్చితే గింజ రాలదు. ఊళ్లో ఎవరి దగ్గరా లేదు. ఇక నీ దగ్గరే ఉంది."

తిరుమల చేతిలో చాయ్ గిన్నె అలాగే ఉండిపోయింది. చేను తిరిగొచ్చింది, గుమ్మంలోకి నడిచొచ్చింది, తన చేత్తోనే దాని గొంతు నులిమేసింది తను. పావురాలకు వేసినావిడకు పుణ్యమైనా వచ్చింది. తనకేం వచ్చింది, పగిలిన రొట్టెలు.

అబద్ధం ఆడటం ఆమెకు చేతకాదు. పిండి పట్టించేశానని చెప్పింది. కోపంలో పట్టించేశానని చెప్పింది. చెబుతూ చెబుతూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. ఆమె ఏడుపు ఎన్నడూ చూడని హారతి లోపలి నుంచి పరిగెత్తుకొచ్చి పక్కన కూర్చుంది. ఠాకోర్‌భాయి తప్పు ఇద్దరిదీ అన్నట్టు తల దించుకున్నాడు.

గడపలో సైకిలు స్టాండు తీసిన చప్పుడైంది. సోమలింగం వెళ్లిపోతున్నాడు. ఇంట్లో ఇంత జరుగుతుంటే బజారుకు పోతున్నాడు చూడు మహానుభావుడు అని ఆ ఏడుపులోనే తిరుమల ఒక తిట్టు తిట్టింది. ఇరవై నిమిషాలకు ఆయన తిరిగొచ్చాడు. హ్యాండిలుకు వేలాడుతున్న గుడ్డమూట విప్పి తెచ్చి ఆమె ఒడిలో పెట్టాడు. మూట మీద వేలెడు మందాన నూలుదుమ్ము ఉంది. మూతి ఎర్రంచు పేలికతో బిగించి ఉంది.

"ఏందిది?" అంది తిరుమల.

"నీ ఇత్తనం."

"గిర్నికి తీస్కపోతివి గద?"

"డబ్బ తీస్కపోయిన. ఇత్తనం తీస్కపోలే."

దారిలో ఆయన విత్తనం గుడ్డలో పోసుకుని, షాపులో ఎనిమిది కిలోల జొన్న కొని డబ్బాలో నింపి, దాన్ని పిండి పట్టించి తెచ్చాడు. షాపువాడు పాత సరుకు అంటగట్టాడు, అందుకే అంచులు పగిలాయి. మూటను తీసుకుపోయి కార్ఖానాలో మేకుకు తగిలించాడు. ఆ మేకులకు పాత అచ్చులు, అంటే మగ్గంలో పోగుల్ని వరసగా పట్టి ఉంచే దువ్వెనల్లాంటివి, వేలాడుతుంటాయి. ఒక రకం బట్టకు గిరాకీ ఆగిపోతే దాని అచ్చును మగ్గం మీంచి దించుతారు గానీ, అందులో మిగిలిన జానెడు పోగుల్ని తీసెయ్యరు. ముడేసి, అచ్చుతో సహా గోడకు తగిలిస్తారు. ఏడాదికో రెండేళ్లకో సేటు ఆ బట్టే కావాలంటే, కొత్త పోగుల్ని ఆ పాత పోగులకు అతుక్కుంటూ పోతే సరిపోతుంది. సాలెవాడు ఎంత కోపంలో ఉన్నా ఆ జానెడు పోగుల జోలికి పోడు.

"భీమ్ మీది నూలు అయిపోయిందని పాత పోగులు తెంపుతమా?" అన్నాడు సోమలింగం. "తెంపితే మళ్ల నాలుగు వేల పోగులు ఒక్కొక్కటి అచ్చుకు ఎక్కియ్యాలె. నువ్వు కోపంల తెంపమన్నవ్. నేను తెంపలే."

ముప్పై రెండేళ్ల కాపురంలో ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం ఎవరూ వినలేదు. హారతి నోరు తెరుచుకుని తండ్రినే చూసింది. తిరుమలకు నెత్తిన పాలు పోసినట్టయింది. వెంటనే, అలవాటు ఎక్కడికి పోతుంది, కోపం కూడా వచ్చింది. ఏడు నెలలు తను కుమిలిపోతుంటే నోట్లో బెల్లం పెట్టుకుని కూర్చున్నావా అని నిలదీసింది.

"చెప్తే నువ్వే గిర్నికి తీస్కపోతుంటివి," అన్నాడాయన.

అది కాదనే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. మొదట నవ్వింది హారతి. మాట సరిగ్గా అర్థం కాకపోయినా ఠాకోర్‌భాయి కూడా నవ్వాడు. కళ్లు తుడుచుకుంటూ తిరుమల కూడా నవ్వింది.

ఇక మిగిలిన భయం ఒకటే. ఏడు నెలలు ఆ వేడిలో, ఆ దుమ్ములో ఉన్న గింజ మొలుస్తుందా? మూట విప్పితే బూడిద చెక్కుచెదరలేదు, పురుగు లేదు. అయినా తిరుమల నమ్మలేదు. ఇరవై గింజలు తీసి తడిగుడ్డలో చుట్టి, రొట్టెల పొయ్యి పక్కన వెచ్చగా పెట్టింది. రెండు రోజులు దాని మీద ఎవర్నీ చెయ్యి వేయనివ్వలేదు. మూడో రోజు ఉదయం గుడ్డ విప్పింది. పద్దెనిమిది గింజలకు తెల్లటి మొలకలు. ఆమె గడపలో కూర్చుని పొడుగ్గా ఊపిరి వదిలింది. మార్చి నుంచి బిగబట్టిన ఊపిరంతా అప్పుడు బయటికొచ్చినట్టుంది. షిఫ్టుకు వెళ్లబోతున్న సోమలింగాన్ని పిలిచి ఆ గుడ్డ చూపించింది. ఆయన తల ఊపాడు. ఈసారి ఆ తల ఊపడం ఆమెకు చాలినన్ని మాటల్లా వినిపించింది.

అమ్రోలి దాటి పొలం దాకా హారతి స్కూటీ మీదే తల్లీకూతుళ్లు వెళ్లారు, విత్తనం మూట ఇద్దరి మధ్య పెట్టుకుని. బంకు దగ్గర పెట్రోలు పోయించుకుంటుంటే కూతురు ఓరకంటితో తల్లిని చూసింది. తిరుమల మొహం తిప్పుకుంది గానీ దిగలేదు. బండికీ తిండి కావాలి, ఆ సంగతి ఆమెకు తెలియనిదా? దాని వాటా దానికి పై ఆరు వీఘాల్లో ఉంది. తన వాటా తనకు ఉంది. అంతవరకు ఆమెకు పేచీ లేదు.

రెండు వీఘాల్లో విత్తారు. ఒకటి పోంకుకు, ఒకటి పండటానికి. అంటే తిరుమలకు మునుపటిలో సగమే. మిగతా రోజులకు షాపు జొన్న తప్పదు. ఆ లెక్క ఆమెకు మొదటిరోజే అర్థమైంది, అయినా సణగలేదు. పైన చెరుకు ఆకుల గరగర, కింద జొన్న. చుట్టూ ఇంకెక్కడా జొన్న లేదు కాబట్టి నాలుగు ఊళ్ల పిట్టలూ అక్కడికే వచ్చాయి. తిరుమల చేలో నిలబడి రేకు డబ్బా వాయిస్తూ వాటిని నోరారా తిట్టింది. జనవరిలో ఠాకోర్‌భాయి భార్య వేడివేడి పోంక్ దోసెడు తెచ్చి ఆమె చేతుల్లో పోసి, పావురాల సంగతి ఇక ఎత్తవద్దని బతిమాలింది.

మార్చిలో కోతకు ముందు తిరుమల ఎప్పటిలాగే చేనంతా తిరిగి కంకులు ఏరింది. ఎండబెట్టి, దులిపి, బూడిదా వేపాకూ కలిపింది. ఎప్పటిలా రెండు కాదు, ఈసారి మూడు వాటాలు వేసింది. ఒకటి ఠాకోర్‌భాయి ఇంట్లో పావురాలకు అందనంత ఎత్తున అటక మీద పెట్టించింది. ఒకటి తన రేకు డబ్బాలో పోసింది. మూడోది గుడ్డలో మూటకట్టి, ఎర్రంచు పేలికతో మూతి బిగించి, షిఫ్టుకు బయల్దేరుతున్న సోమలింగం చేతిలో పెట్టింది.

"నీ మేకుకు తగిలియ్యి," అంది. "మళ్ల నాకు కోపమొచ్చి అడిగితే, ఏడున్నదో చెప్పకు."

సోమలింగం తల ఊపి, మూటను హ్యాండిలుకు తగిలించుకుని, పనికి వెళ్లాడు.